సూరన్న ట్రయళ్ళు

ఏ పనైనా ముందొకసారి ఉత్తుత్తినే చేసి చూడందే సూరన్న అసలు పని చెయ్యడు. ఆయన దానికి పెట్టుకున్న పేరు ట్రయల్. చేస్తే చేశాడు, తన మానాన తను చేసుకోవచ్చుగా? అబ్బే! ఇంటిల్లిపాదీ చెయ్యాలి. కుదిరితే వీధి వీధంతా చెయ్యాలి. ఆ ఇంట్లో, ఆ మనిషికి మనవరాలిగా పుట్టడం పుష్పరాణి చేసుకున్న ఖర్మ.

ఈ జబ్బు ఆయనకి ఉద్యోగంలో అంటుకుంది. కలకత్తా కార్పొరేషన్‌లో ముప్ఫై నాలుగేళ్ళు మురుగునీటి పంపుల దగ్గర పనిచేశాడు. వానలు పడకముందే పంపులన్నిటినీ ఒకసారి తిప్పి చూడడం ఆయన డ్యూటీ. రిటైరయ్యాక పంపులు ఆయన్ని వదిలేశాయి గానీ, ఆయన మాత్రం తిప్పి చూడడం వదల్లేదు. ఇప్పుడు మమ్మల్ని తిప్పుతున్నాడని పుష్పరాణి ఏడుపు.

శ్రీకాకుళం పక్క సొంతూరికి వెళ్ళాలంటే వాళ్ళు షాలిమార్‌లో రైలెక్కాలి. ప్రయాణం ఎల్లుండైతే రేపు కూడా వాళ్ళు షాలిమార్ వెళ్తారు. సంచులు, నీళ్ళ సీసాలు, పులిహోర పొట్లాలతో సహా వెళ్ళి, ప్లాట్‌ఫారం మీద వరసగా నిలబడి, సామాన్లు లెక్కపెట్టుకుని, ఆ పులిహోర అక్కడే తినేసి ఇంటికొచ్చేస్తారు. ఖిదిర్‌పూర్ బస్సు కండక్టరుకి కూడా ఈ సంగతి తెలిసిపోయింది. సంచులతో వీళ్ళు ఎక్కగానే "కీ దాదూ, ఇవాళ ట్రయలా, ఆసోలా?" అని, అంటే అసలుదా అని, అడుగుతాడు. "ట్రయల్ బాబా, ఆసోల్ రేపు" అని సూరన్న ఎంతో మర్యాదగా చెప్తాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో పుష్పరాణికి తెలీదు.

పుష్పరాణి ఇంకా కడుపులో ఉండగానే ఆమె పేరు మీద ఒక ట్రయల్ జరిగింది. కోడలికి నొప్పులొస్తే ఆస్పత్రికి ఎంతసేపట్లో చేరతామో చూడాలని సూరన్నకి పట్టుకుంది. నిండు చూలాలిని కుదుపులకి తిప్పకూడదు గదా. అందుకని పెళ్ళాం సన్యాసమ్మ పొట్టకి తలగడ కట్టి రిక్షా ఎక్కించాడు. "మూలగవే, ఊరికే కూకుంటే రిక్షావోడు తొందరపడడు" అని దారి పొడుగునా పోరు పెట్టాడు. ఆవిడ మూలిగింది. ఆస్పత్రి గేటు దగ్గర నర్సులు పరిగెత్తుకొచ్చి నలభై ఆరేళ్ళ సన్యాసమ్మని స్ట్రెచర్ మీద వేసుకుని లోపలికి తీసుకుపోయారు. తలగడ బయటపడేసరికి లోపల ఒకటే గోల. సూరన్న మాత్రం గేటు దగ్గర గడియారం చూసుకుని, "పదకొండు నిమిషాలు, పర్లేదు" అనుకుంటున్నాడు. ఆ వారమంతా సన్యాసమ్మ ఆయనకి అన్నం పెట్టిందే గానీ మాట పెట్టలేదు.

అలాంటి మనిషి చెవిన పాటల పండగ సంగతి పడింది. ఇంకేముంది!

పండగ పుష్పరాణిది. సెక్టర్ ఫైవ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, తనతోపాటు అదే ఆఫీసులో పనిచేసే గుంటూరు కుర్రాడు హరిచరణ్‌ని కూడగట్టుకుని పెట్టుకున్న బుల్లి పండగ. పేరు 'ఎండాకాలం పాటలు'. మే నెల రెండో ఆదివారం సాయంత్రం, కార్పొరేషన్ క్వార్టర్ల మధ్య ఉన్న ఖాళీ జాగాలో. టికెట్టు లేదు, బ్యానర్ల మీద ఏ కంపెనీ పేరూ లేదు. డాక్‌లో పనిచేసే బిహారీల ఢోలక్ జట్టు, గార్డెన్ రీచ్ నుంచి దోతారా అనే తీగల వాద్యం వాయించే ఒక పెద్దాయన, హరిచరణ్ గిటారు. చివర్లో సన్యాసమ్మ పాడే వరినాట్ల ఊడుపు పాట. ఫిబ్రవరి నించీ పుష్పరాణి క్యాలెండర్లో రోజులు కొట్టేసుకుంటూ కూచుంది. అంత ఆశగా ఆమె దేనికోసమూ ఎదురుచూసి ఎరగదు.

నిజానికి పండగంతా ఆ ఒక్క పాట కోసమే. సన్యాసమ్మ రోడ్లు ఊడ్చే ఉద్యోగం చేసిన రోజుల్లో చీపురు ఊపుకి ఆ పొలం పాటలే పాడుకునేది. పుష్పరాణి ఆ పాటలు వింటూ పెరిగింది. కిందటేడు తెలుగువాళ్ళ మీటింగులో ఆవిణ్ణి స్టేజీ ఎక్కించారు. మైకు ముందు నిలబడి నోరు తెరిచింది, మాట రాలేదు. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ దిగి వచ్చేసింది. ఆ రోజు నించి వంటింట్లో కూడా కూనిరాగం లేదు. పుష్పరాణికి ఆ వంటింటి నిశ్శబ్దం భరించరానిదైపోయింది. నెలన్నర బతిమాలితే మామ్మ "సూద్దారిలే" అంది. ఆ ముక్కే చాలని పుష్పరాణి గంతులేసింది. ఈసారి కూడా నోరు పెగలకపోతే ఇంక జన్మలో పాడదని ఆమెకి తెలుసు.

"మరి ట్రయలెప్పుడే?" అన్నాడు సూరన్న.

"తాతా, ప్లీజ్. దీన్ని ఒగ్గీ. ఇది నా పండగ."

"నీదే, కాదన్నానేటి? ట్రయల్ మాత్రం నాది."

ఏప్రిల్ మూడో ఆదివారం, మాడు పగిలే ఎండలో, ఆయన స్టీలు పళ్ళెం గరిటెతో వాయిస్తూ క్వార్టర్లన్నీ తిరిగాడు. ముప్ఫైమందిని పోగేశాడు. బెంచీ మీద సన్యాసమ్మని నిలబెట్టి, చేతికి టార్చిలైటు ఇచ్చి "ఇదే మైకు" అన్నాడు. "పాడొద్దు. ట్రయలే గదా, ఊరికే నిలబడీసి దిగిపో." ఆవిడ నిలబడి దిగిపోయింది. జనం మొహమొహాలు చూసుకుని ఇళ్ళకి పోయారు.

"ఇదేం ట్రయలండీ?" అన్నాడు హరిచరణ్.

"నన్నడక్కు. నాకు పిచ్చెక్కుతోంది" అంది పుష్పరాణి.

తరవాతి ఆదివారం రెండో ట్రయల్. సన్యాసమ్మ ఒక చరణం పాడి ఆగింది. "సాలు, దిగిపో" అన్నాడు సూరన్న. ఎదురింటి అప్పలకొండమ్మ పుష్పరాణిని పక్కకి పిలిచి, "ఏటే, మీ తాత పిలిత్తే ఒకపాలి రాగలం, రెండుపాల్లు రాగలం. అసలు రోజుకి మాకు ఓపికుండాలి గదే" అంది. పుష్పరాణి వేళ్ళ మీద లెక్కేసుకుంది. ఈ లెక్కన పండగనాటికి ఖాళీ కుర్చీలే మిగులుతాయి.

మూడో ట్రయలు ముందు రెండింటినీ తలదన్నింది. సూరన్న ఈసారి మనుషులకి డ్యూటీలు పంచాడు. పాట మధ్యలో ఫోను మోగించే డ్యూటీ ఒకరికి. కుర్చీ ఈడ్చుకుంటూ లేచిపోయే డ్యూటీ ఒకరికి. చంటిపిల్లని ఏడిపించే డ్యూటీ అప్పలకొండమ్మకి. అన్నిటికన్నా ఘోరం, ముందు వరసలో ఇద్దరికి నవ్వే డ్యూటీ.

సన్యాసమ్మ బెంచీ ఎక్కి పాట ఎత్తుకుంది.

"మబ్బొచ్చె మబ్బొచ్చె మేనమావా, మా మడికి నీరేది మేనమావా..."

ఫోను మోగింది. ఆవిడ తడబడి మళ్ళీ అందుకుంది. పిల్ల ఏడ్చింది. అందుకుంది. అప్పుడు ముందు వరసలో ఇద్దరూ పకపకా నవ్వారు. సన్యాసమ్మ మొహం పాలిపోయింది. పుష్పరాణి ఆ మొహం కిందటేడు ఒకసారి చూసింది. ఇంక ఆగలేకపోయింది.

"తాతా! నీకు బుద్ధుందా? మామ్మని నవ్వులపాలు చేస్తావా? నలుగురు నవ్వితేనే కదా నోరు కట్టేసుకుంది! నువ్వు నా పండగకి రావద్దు. ట్రయలూ వద్దు, నువ్వూ వద్దు!"

వీధంతా వింది. సూరన్న పెళ్ళాం చేతిలోని టార్చిలైటు తీసి జేబులో పెట్టుకుని, "అలాగేలేవే" అని లోపలికి పోయాడు. ఆ తరవాత వారం రోజులు పుష్పరాణి ముందు ట్రయల్ అన్న మాట ఎత్తలేదు. అరిచినందుకు పుష్పరాణికి సిగ్గేసింది. అయినా వెళ్ళి పలకరించలేదు. కోపం పూర్తిగా పోనూ లేదు.

పండగ రోజు రానే వచ్చింది. జనం రారేమోనని బెంగపెట్టుకుంటే రెండొందల మంది వచ్చారు. బెహాలా నించి, గార్డెన్ రీచ్ నించి, సెక్టర్ ఫైవ్ నించి ముక్కూమొహం తెలీని వాళ్ళు. ఢోలక్ జట్టు చెలరేగిపోయింది. దోతారా పెద్దాయన రెండు పాటలని చెప్పి ఐదు పాడాడు. హరిచరణ్‌కి గిటారు తీగ తెగితే నవ్వి కొత్తది వేసుకున్నాడు. ఇంక మిగిలింది సన్యాసమ్మ.

మామ్మ ఇంట్లోంచి వచ్చింది. పుష్పరాణి కొనిపెట్టిన పట్టుచీర కట్టుకోలేదు, నలిగిన నేతచీర. తలకి నూనె కూడా సరిగ్గా రాసుకోలేదు. కూర తరుగుతూ మధ్యలో లేచొచ్చినట్టు గబగబా వచ్చి, మైకు ముందు నిలబడి, దాన్ని వేలితో ఒకసారి తట్టి పాట ఎత్తుకుంది.

రెండో చరణంలో ఎవరి పిల్లో కేరుమంది. ఆవిడ ఆగలేదు. వెనక ఎవరి ఫోనో మోగింది. ఆగలేదు. ముందు వరసలో కాలేజీ పిల్లలు దేనికో ఫక్కుమన్నారు. సన్యాసమ్మ వాళ్ళకేసి చూసి, తనూ నవ్వి, "నవ్వండి, మీ డ్యూటీ మీరు సేయండి" అని అదే ఊపులో పాట అందుకుంది. ఆరు చరణాలు పూర్తిగా పాడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "ఆరేక్టా, మాసీమా!" అని అరిచారు. ఇంకొకటి కావాలట.

"ఇయ్యాలకి సాలు బాబూ" అంది సన్యాసమ్మ మైకులో. "అసలు పండగ వొచ్చే ఆదివారం గదా, అప్పుడు పట్టుసీర కట్టుకొచ్చి మొత్తం పాడతాను. అందరూ తప్పకుండా రండి."

హరిచరణ్ నోరు తెరిచాడు. "వచ్చే ఆదివారమా? మనకు వచ్చే ఆదివారం ఏముందీ?"

పుష్పరాణి పరుగున వెళ్ళి తాతకోసం వెతికింది. తను రావద్దంది గనక ఆయన జనంలోకి రాలేదు. క్వార్టరు మెట్ల మీద, పాట వినబడేంత దూరంలో, మోకాళ్ళు పట్టుకుని కూచున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ దొరికిపోయాడు.

"తాతా, మామ్మకేటి సెప్పినావు?"

"ట్రయలని సెప్పినాను. నాలుగోది."

"అంత మైకు, అంత జనం ఉంటే నమ్మిందా?"

"ముందు మూడూ సూసింది గదే. పండగ వారం ఎనక్కి జరిగిందని, నాలుగోది ఇంకొంచెం పెద్దగా ఉంటాదని సెప్పినాను, నమ్మీసింది. ట్రయలంటే దానికి బయం లేదు. అసలంటేనే బయం." ఆయన గొంతు తగ్గించాడు. "నవ్వేవోల్లు ఎక్కడైనా ఉంటారే. బయటోల్లు నవ్వితే మల్లీ దిగిపోద్ది. అందుకనీసి ముందు మనోల్ల సేతే నవ్వించినాను. అలవాటైపోవాల గదా. అయితే నవ్వినోల్లిద్దరికీ తరవాత నానే బోజనం పెట్టినాను, పాపం, ముందు ఒప్పుకోనేదు."

ఇన్నేళ్ళూ ఈ మనిషి మీద పడిన చిరాకంతా ఎక్కడికి పోయిందో, పుష్పరాణికి దొరకలేదు. మెట్టు మీద ఆయన పక్కనే కూలబడి, చెయ్యి పట్టుకుని, "నాకు సెప్పొచ్చు గదా తాతా" అంది.

"సెప్తే నీ మొకంలో తెలిసిపోద్ది. దానికి మాత్రం సెప్పకే తల్లీ, నన్ను సంపీత్తాది."

ఈలోగా సన్యాసమ్మ స్టేజీ దిగి అటే వచ్చింది. ఎర్రబల్బుల తోరణాలు, సౌండు బాక్సులు, రెండొందల కుర్చీలు అన్నీ ఒకసారి కలయజూసి, మనవరాలి మీద విరుచుకుపడింది.

"ఏటే ఇది? ఒట్టి ట్రయల్‌కే ఇంత సింగారమేటే? బిహారీలని, ముసిలాయన్ని అందరినీ ఇయ్యాలే పిలిసీసినావేటి? మీ తాత బుద్దులే వొచ్చినాయి నీకూను!"

సూరన్న భయంగా మనవరాలి కేసి చూశాడు. పుష్పరాణి ఒక్క క్షణం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అవును మామ్మా, నా తప్పే. ఒకసారి సూసుకుంటే మంచిదని పెట్టించాను" అని ఒప్పేసుకుంది. ఆ తరవాత సౌండు బాక్సుల దాదా సామాను సర్దుకుని వెళ్ళిపోకముందే పట్టుకోవాలని పరుగెత్తింది, వచ్చే ఆదివారం ఆయన ఖాళీగా ఉన్నాడో లేదో అడగడానికి.