పచ్చి గచ్చు మీద రెండు పాదాలు

దెయ్యం కనిపించిందని ఎవరైనా చెబితే, ముందు ఆ వసారాలో బల్బు మార్చుకోమని చెప్పే మనిషిని నేను. చదివింది ఐదో తరగతే. అయినా దేవుణ్ణి తప్ప కంటికి కనపడనిదాన్ని నమ్మే అలవాటు నాకు లేదు. కొల్లేటి గట్ల మీద కొరివి దెయ్యాలు తిరుగుతాయని మా అత్తగారు చెబుతుంటే, అవి చేపలు పట్టేవాళ్ల చుట్టలని నవ్వేదాన్ని.

అందుకే ఇది రాయాలంటే నామీద నాకే చిరాగ్గా ఉంది. రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

మాది మండవల్లి దగ్గర పల్లెటూరు. మా చర్చిలో ఆడవాళ్లం పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక గుప్పెడు బియ్యం తీసి వేరే డబ్బాలో పోస్తాం. నెలకోసారి ఆ బియ్యం పోగుచేసి అమ్ముతాం. మా ఊరి పిల్ల రత్నకుమారి నర్సు చదివి, ఆఫ్రికాలో మలావీ అనే దేశంలో ఒక పల్లెలో కుష్టు సోకినవాళ్లకు సేవ చేస్తోంది. మా బియ్యం వాళ్ల చెప్పులకు పోతుంది.

"ఇక్కడ లేరా అలాంటివాళ్లు? అంత దూరం ఎందుకండీ?" అని అడిగేవాళ్లకు లోటు లేదు. అడిగినవాళ్లలో ఒక్కరైనా ఇక్కడివాళ్లకు ఒక ముద్ద పెట్టిన పాపాన పోలేదు.

మా పెద్దమ్మకు ఆ జబ్బు వచ్చింది. ఆమె కంచం పెరట్లో విడిగా ఉండేది. కాలికి మేకు దిగినా ఆమెకు తెలిసేది కాదు, నడిచిన దారిలో నెత్తురు చూసి మేం చెబితే తెలిసేది. మందులతో జబ్బు పోయినా, పోయిన స్పర్శ తిరిగి రాదు. నొప్పి తెలియని కాలికి మెత్తటి రబ్బరు చెప్పుంటే కాలు దక్కుతుంది. లేకపోతే పుండు పడి ఒక్కొక్క వేలూ పోతుంది. అంతే సంగతి.

ఇంత చిన్న సంగతి మా ఆడవాళ్లకు ఎక్కించలేక నా ప్రాణం విసిగిపోయింది. పుండ్లకు కట్టడానికి పాత నూలు చీరలు తెమ్మంటే నైలాన్ చీరలు తెస్తారు. ఉడకబెట్టి, ఆరబెట్టి, చుట్టలు చుట్టడానికి రమ్మంటే ఒక్కరూ రారు. ఫొటో తీస్తారంటే మాత్రం జడలో పూలు పెట్టుకుని పదిమంది వస్తారు.

చెప్పుల కొలతలు కాగితాల మీద వస్తాయి. రత్నకుమారి ఒక్కొక్కరినీ దళసరి కాగితం మీద నిలబెట్టి, పాదాల చుట్టూ పెన్సిలుతో గీసి, పక్కన తెలుగులో పేరు రాసి పంపుతుంది. వాటిని నేను కైకలూరు మీదుగా ఏలూరు బస్సెక్కి, అక్కడినుంచి మరో బస్సులో తాడేపల్లిగూడెం తీసుకెళ్తాను. అక్కడ ఖాదరు గారని పెద్దాయన ఇలాంటి చెప్పులు కుట్టడం తెలిసినవాడు.

రెండేళ్ల కిందట వచ్చిన కట్టలో ఎస్నాతు అనే పేరుతో రెండు కాగితాలున్నాయి. రెండింటికీ పొడవు ఒకటే. రెండింట్లోనూ కుడి పాదానికి వేళ్లు లేవు. ఒకదాంట్లో కుడి మడమ దగ్గర చిన్న నొక్కు ఉంది. పెన్సిలు జారిందనుకున్నాను.

"ఒకరివే రెండుసార్లు గీసిందండీ, పని తొందరలో. ఒక జతే కుట్టండి," అన్నాను.

ఖాదరు గారు కళ్లజోడు పైకి తోసుకుని రెండు కాగితాలూ వెలుగులో పట్టి చూశాడు. "ఒకసారి ఫోన్ చేసి అడిగితే పోలేదా, పెద్దమ్మగారూ?"

"అడిగేదేముంది? రబ్బరు చెట్లకు కాస్తోందా?"

"మీ మాట కాదనగలమాండీ," అని ఆయన నొక్కున్న కాగితం నాకు తిరిగి ఇచ్చేశాడు. మంచి కాగితం, పారేయబుద్ధి కాలేదు. ఇంటికి తెచ్చి గుప్పెడు బియ్యం డబ్బా కింద పరిచాను. మా ఊళ్లోనే నలుగురు మరియమ్మలున్నారు. ఆ ముక్క ఆ రోజు నా బుర్రకు తట్టలేదు.

చెప్పులు అటు వెళ్లే ఒకాయన సామానుతో వెళ్లిపోయాయి.

ఆ తర్వాత వారానికి మా పెరటి వసారాలో గచ్చు చేయించాను. అంతకుముందు వానాకాలం కొల్లేటి నీళ్లు పెరట్లోకి వచ్చి పాతది పగిలిపోయింది. నూకరాజు మేస్త్రీ పొద్దున్నే వచ్చి సిమెంటు పోసి, తాపీతో అద్దంలా రుద్ది, మధ్యాహ్నం దాకా కోడిని కూడా తొక్కనివ్వద్దని చెప్పి, పెరటి గేటు అవతల వేపచెట్టు కింద టీ తాగడానికి కూర్చున్నాడు. గేటుకు నేనే గొళ్లెం పెట్టాను. వంటింటి గడపలో పీట వేసుకుని, పక్కన కర్ర పెట్టుకుని, కట్టు గుడ్డలు చుడుతూ కాపలా కూర్చున్నాను. మా కోడలు సునీత పనికి వెళ్లింది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

పదకొండు గంటలప్పుడు అన్నం పొంగితే లోపలికి వెళ్లి గంజి వార్చాను. ఎంతసేపు పడుతుంది? తిరిగొచ్చి పీట మీద కూర్చోబోతూ చూశాను.

గచ్చు నడిమధ్యలో రెండు పాదాలు అచ్చుపడి ఉన్నాయి. పక్కపక్కనే, నా గడప వైపు తిరిగి.

ముందు నాకు వచ్చింది భయం కాదు, ఒళ్లుమంట. సిమెంటు బస్తా ఎంత పలుకుతోంది! "ఎవర్రా అది?" అని కేక వేశాను. నూకరాజు పరిగెత్తుకొచ్చి, గొళ్లెం తీసుకుని లోపలికొచ్చాడు. గేటు ఎదురుగానే కూర్చున్నాడు, ఎవరూ రాలేదన్నాడు. గచ్చు చుట్టూ వంగి వంగి చూశాడు. ఆ రెండు అచ్చుల నుంచి ఏ అంచుకైనా నాలుగడుగుల పైనే ఉంటుంది. వచ్చిన అడుగు లేదు, పోయిన అడుగు లేదు.

"నడవలేదండి, అమ్మగారూ. నిలబడ్డారండి. నిలబడ్డారంతే," అన్నాడు మెల్లగా.

"నీ మొహం. గాల్లోంచి దిగి నిలబడ్డారా?" అని కసిరాను. కసిరాక చూశాను, కుడి పాదానికి వేళ్లు లేవు. మడమ దగ్గర చిన్న నొక్కు.

డబ్బా కింది కాగితం తీసుకొచ్చాను. నూకరాజు గచ్చు మీద చెక్క అడ్డంగా పరిచి, దాని మీద పాకి, కాగితాన్ని అచ్చుల మీద పట్టాడు. పొడవు, వెడల్పు, నొక్కు, అన్నీ గీత మీద గీత పడ్డాయి. ఒక్కటే తేడా. కాగితంలో ఎడమ పాదానికి అయిదు వేళ్లున్నాయి. గచ్చులో నాలుగే. చిటికెన వేలు లేదు.

ఆ ఒక్క తేడా చూసి నాకు ఊపిరి వచ్చింది. "చూశావా? ఇది వేరు, అది వేరు," అన్నాను.

"లేదా కాగితం పాతదైనా అయుండాలండి," అన్నాడు నూకరాజు. ఆ మాట నేను పట్టించుకోలేదు. అచ్చులు పూడుస్తానంటే, ముందు బియ్యం డబ్బా సర్దనియ్యి అన్నాను. అంతలో సిమెంటు బిగుసుకుపోయింది.

సాయంత్రం సునీత ఫోనులో రత్నకుమారితో మాట్లాడాను. గచ్చు సంగతి చెప్పలేదు. ఎస్నాతు గురించి మాత్రం అడిగాను.

"ఇద్దరున్నారు పిన్నీ! ఒకామె ముసలామె, ఒకామె ముగ్గురు పిల్లల తల్లి. ఆ పిల్లలామెకే చెప్పులు రాలేదు. ఈ రోజు పొద్దున ఏడున్నరకే వచ్చి చెప్పులు పంచే వరసలో నిలబడి, ఉత్త చేతులతో వెళ్లింది."

"మనిషి బాగానే ఉందా?"

"బాగానే ఉంది. మొక్కజొన్న చేలో పనికి పోతోంది. ఏం, అలా అడిగావు?"

ఏమీ లేదన్నాను. మర్నాడే గూడెం వెళ్లి రెండో జత కుట్టించాను. ఖాదరు గారు ఒక్క మాట కూడా దెప్పలేదు, అది ఇంకా మంట. కానీ ఒక్క జతను విడిగా కొరియర్‌లో వేస్తే, చెప్పుల కంటే పంపడానికే ఎక్కువవుతుందన్నారు. నాకు చేతులు రాలేదు. అటు వెళ్లేవాళ్లు ఎవరైనా దొరుకుతారులే అని బీరువాలో పెట్టాను.

"పంపేద్దాం అత్తయ్యగారూ, నేనిస్తాను," అంది సునీత.

"నీ దగ్గర మూలుగుతోందా? నెల ఆగితే ఏం కొంప మునిగిపోదు," అన్నాను.

నెల రెండు నెలలైంది. మూడో నెలలో రత్నకుమారి ఫోన్ చేసింది. ఎస్నాతుకు చేలో మొక్కజొన్న మోడు గుచ్చుకుందట. తెలియక వారం రోజులు దాని మీదే నడిచిందట. పుండు ఎముకకు పట్టి, చిటికెన వేలు తీసేశారట.

"ఏ కాలు?" అన్నాను.

"ఎడమ కాలు పిన్నీ."

"ఎప్పుడు?"

"పోయిన మంగళవారం."

గచ్చు పోయించి అప్పటికి రెండున్నర నెలలు. ఫోను సునీత చేతిలో పెట్టి పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను.

ఆ జతను మర్నాడే కొరియర్‌లో పంపాను. కాలి కొలత మారింది కాబట్టి కొత్త కాగితం పంపమన్నాను. అది వచ్చాక, ఎవరూ లేనప్పుడు గచ్చు మీద పరిచి చూశాను. ఈసారి ఏ తేడా లేదు.

ఆమె చనిపోయి ఉంటే, ఆత్మ వచ్చిందని ఊళ్లోవాళ్లలాగా నేనూ అనుకుని ఊరుకునేదాన్ని. ఆమె బతికే ఉంది. మనకు పదకొండైతే అక్కడ పొద్దున ఏడున్నరట. ఆ వేళ తన ఊళ్లో వరసలో నిలబడి ఉంది. పాస్టరు గారు నాకు ఎండ దెబ్బ అన్నారు. మరి నూకరాజుకు? సిమెంటుకు కూడా ఎండ దెబ్బ తగులుతుందా? ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. నాకంటే చదువుకున్నవాళ్లు ఎవరైనా చెబితే వింటాను.

ఇప్పుడు కాగితం వస్తే ఫోన్ చేసి అడగకుండా ఒక్కటీ పక్కన పెట్టను. జత తయారైతే ఒక్క రోజు ఇంట్లో ఉంచను.

అచ్చులు పూడుస్తానని నూకరాజు రెండుసార్లు వచ్చాడు. డబ్బులు కూడా వద్దన్నాడు. నేనే వద్దన్నాను. రోజూ వసారా కడుగుతాను. ఆ రెండు పాదాల్లో నీళ్లు నిలుస్తాయి, చీపురుతో తోసేస్తాను. ఎడమ పాదానికి నాలుగు వేళ్లలోనూ నీళ్లు నిలుస్తాయి. అయిదోది ఉండాల్సిన చోటు ముందే ఆరిపోతుంది.