అరుపుల మేడం

మా విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థులకు భద్రతా పాఠాలు చెప్పే మేడం ఎవరు కనిపించినా అరవమనేది. అందుకే ఆవిడ అరుపుల మేడం అయింది. ఆవిడ పక్క బల్ల దగ్గరే నా ఉద్యోగం. నా చెవులు పడ్డ పాట్లు నా చెవులకే తెలుసు.

కొత్తగా వచ్చినవాళ్ళు బుద్ధిగా కూర్చునేవారు. నిప్పంటుకుంటే ఏం చేయాలి, గ్యాస్ లీకయితే ఎటు పోవాలి, అన్నీ ఓపిగ్గా చెప్పేది. చెప్పి, "ఇప్పుడు అరవండి" అనేది.

"ఏమనండీ?"

"కాపాడండి అని. మీ అమ్మతో మాట్లాడే భాషలో. కంగారులో పరాయి మాట నోటికి రాదు నాయనా."

లెక్కల పరిశోధకుడొకడు గొంతు సవరించుకుని, "దయచేసి, మీకు వీలైతే..." అని మొదలుపెట్టాడు.

"వాళ్ళకు వీలు చిక్కేసరికి నువ్వు బొగ్గయిపోతావు. మళ్ళీ!"

పై అంతస్తులోని గ్రంథాలయం నుంచి ఫిర్యాదు వస్తే, "అంతదాకా వినిపించిందా!" అని మురిసిపోయింది.

ఒక్క పిల్ల మాత్రం నోరు విప్పలేదు. రసాయన పరిశోధనకు వచ్చిన అమ్మాయి. గది మధ్యలో ఉన్నా తలుపు చాటున నిలబడ్డట్టే ఉండేది. "మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరండీ" అంది. మేడం బలవంతపెట్టలేదు. కానీ రోజూ మధ్యాహ్నం ఆ అమ్మాయి ప్రయోగశాల తలుపు తోసి, "ఇవాళయినా అరుస్తావా?" అని అడిగేది. ఆ అమ్మాయి నవ్వి తల అడ్డంగా ఊపేది. ఇదేం పంతమని మేం నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు నేనూ వెంట వెళ్ళాను. తలుపు తీసేసరికి ఆ అమ్మాయి కళ్ళు బిగించి మూసుకుని, గోడ తడుముకుంటూ నడుస్తోంది. నేల మీద పగిలిన సీసా, ముక్కు పగిలే ఘాటు. పక్క గదిలో మనుషులున్నారు. వాళ్ళకు ఆ అమ్మాయి గొంతే వినపడలేదు.

మేడం ఒక్క అంగలో వెళ్ళి, ఆమెను కళ్ళు కడిగే కుళాయి మీదికి వంచి, రెప్పలు వేళ్ళతో తెరిచి పట్టుకుంది. "అంబులెన్సు!" అని నా మీద అరిచింది. ఇద్దరూ తడిసి ముద్దయినా పట్టు వదల్లేదు.

"పక్క గదిలోవాళ్ళను పిలవొచ్చు కదమ్మా?" అని అడిగింది మేడం.

"సీసా పగలగొట్టింది నేనే కదండీ. తెలిస్తే మా దేశం పంపించేస్తారేమోనని..."

మేడం ఆమెను ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

చూపుకేం ఢోకా లేదని డాక్టరు చెప్పాక, ఆసుపత్రి వరండాలో అడిగాను. "ఆ పిల్ల అరవదని తెలిసీ రోజూ ఎందుకెళ్ళేవారండీ?"

"అరవదని తెలిసే వెళ్ళాను. పిలవనివాళ్ళను మనమే వెళ్ళి చూడొద్దూ?"

మర్నాడు ఆవిడ ఆ అమ్మాయి ప్రొఫెసరు గదికి వెళ్ళింది. లోపల ఏం జరిగిందో తెలియదు. తర్వాతి తరగతికి ఆయనే వచ్చి, చదువుకునే రోజుల్లో తాను ప్రయోగశాలకు నిప్పంటించిన సంగతి పిల్లల ముందు ఒప్పుకున్నాడు. "నన్నెవరూ పంపించెయ్యలేదు. మిమ్మల్నీ పంపించం. ఏం జరిగినా పిలవండి."

వెనక వరసలో నల్లకళ్ళద్దాల అమ్మాయి చెయ్యెత్తింది.

"మరి అప్పుడు మీరు అరిచారా సార్?"

ఆయన కిటికీ వైపు చూశాడు. "లేదమ్మా. కిటికీలోంచి దూకేశాను."

గది గదంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా వినిపించిన నవ్వు ఆ అమ్మాయిదే.