హెలెన్ దొరసాని కన్నీళ్ళు

మధ్యాహ్నం రెండు కొట్టేసరికి పక్కింటి గోడ అవతల ఒక ఆడమనిషి ఏడుపు మొదలవుతుంది. టీవీ సీరియల్. కాసేపు ఏడుపు, మధ్యలో సబ్బు ప్రకటన, మళ్ళీ ఏడుపు. సరిగ్గా నాకు కునుకు పట్టే వేళ. అది చెవిన పడగానే నిద్ర ఎగిరిపోయి హెలెన్ దొరసాని గుర్తుకొస్తుంది. డెబ్బై ఐదు దాటినా ఆమె సంగతి నాకు తేలలేదు. ఇక తేలుతుందన్న ఆశ కూడా లేదు.

అప్పుడు మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది, పైన మద్రాసు ప్రభుత్వం. పెద్దారవీడు దగ్గర పల్లెలో అమ్మా నాయనా కూలికి పోయేవారు. నన్ను మార్కాపురంలో మిషను వాళ్ళ ఆడపిల్లల బోర్డింగు బడిలో వేశారు. ఆ బడి నడిపే పెద్ద దొరసానికి చెల్లెలు హెలెన్. అమెరికాలో పేరున్న నాటకాల నటి అట. అక్కడ నాటకశాలలు మూతపడి పని లేక, రెండేళ్ళు అక్క దగ్గర ఉందామని వచ్చింది. చెల్లెలు వేషాలు వేస్తుందని చెప్పుకోవడం పెద్ద దొరసానికి చిన్నతనం. మాకు మాత్రం ఆమె వెంట తిరగడమే పని. మా దగ్గరే తెలుగు నేర్చి మాలాగే మాట్లాడేది. ఉన్నట్టుండి గోడకు చేరబడి, మేము పది చింతపిక్కలు లెక్కపెట్టేలోగా కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకునేది. పదకొండో పిక్కకు నవ్వేసేది. ఎట్లా వస్తాయని అడిగితే, పోగొట్టుకున్నదాన్ని తలుచుకోమనేది. చచ్చిపోయిన మా మేకపిల్లను నేను ఎంత తలుచుకున్నా ఒక్క చుక్క రాలేదు.

ఆ ఏడు క్రిస్మసుకు, ఏసు పుట్టినప్పుడు పసిబిడ్డలను చంపించిన రాజు కథ మాచేత ఆడించింది. బిడ్డ పోయిన తల్లి వేషం తనే వేసింది. మా పల్లెల్లో ఆడమనిషిని ఒంటరిగా ఏడవనివ్వరు. ఎవరైనా సరే, పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసి తామూ ఏడుస్తారు, కారణం తర్వాత అడుగుతారు. గుడ్డబొమ్మను ఒళ్ళో పెట్టుకుని దొరసాని ఏడవడం మొదలుపెట్టగానే, చూడవచ్చిన జనంలోంచి నిండుచూలాలైన మా అమ్మ లేచింది. మెల్లగా అరుగెక్కి ఆమె పక్కన కూర్చుంది. వెనకే మరో ఇద్దరు. చెక్క కత్తులు పట్టుకున్న సైనికులం మేము ఎవరిని చంపాలో తెలియక నిలబడిపోయాం. పెద్ద దొరసాని కోపంగా తెర వేయించింది. తెర పడ్డాక కూడా హెలెన్ అమ్మ భుజం మీదనుంచి తల ఎత్తలేదు. నాటకంలో అంతసేపు ఏడుపు లేదు, నెల రోజులు సాధనలో చూశాను గనుక నాకు తెలుసు.

తమ్ముడు పుట్టిన రెండు నెలలకు నాయన వచ్చి పెట్టె సర్దుకోమన్నాడు. అమ్మ మళ్ళీ కూలికి పోవాలి, బిడ్డను చూసుకోవడానికి నేను కావాలి. చదువంటే నాకు ప్రాణం, ఆ మాట నాయనతో చెప్పే ధైర్యం లేదు. విషయం తెలిసి హెలెన్ వచ్చింది. వరండాలో నాయన ఎదుట కటిక నేల మీద కూర్చుంది. కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నేను పక్కన చేరి ఆమె చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. నాయన తలగుడ్డ విప్పి చేతుల్లో నలుపుకున్నాడు.

"ఏడవబాకమ్మా. పిల్లను మీకాడనే పెట్టుకోండి. మేం ఎట్లనో తిప్పలు పడతాం."

ఆయన గేటు దాటాడో లేదో, ఆమె ముఖం తుడుచుకుని నావైపు తిరిగింది.

"బాగా చేసినానా?"

నవ్వుతోంది. నా చెయ్యి మాత్రం వదల్లేదు. నాకు ఒళ్ళు మండింది. మా నాయనను మోసం చేసిందనిపించింది. తమ్ముణ్ణి అమ్మ చేనిగట్టున చీర ఉయ్యాలలో వేసి కలుపు తీస్తోందని విన్నాక మరీ మండింది. చదువు దక్కిందన్న సంతోషం కూడా అంతే ఉంది. వారం రోజులు ఆమెకు ముఖం చూపలేదు. ఎందుకని ఆమె అడగలేదు. తర్వాతి ఏడాది తిరుగు ప్రయాణానికి ఆమె రైలెక్కే రోజున పిల్లలందరం గోలగా ఏడిస్తే, ఆమె కంట చుక్క లేదు. ఏది నిజమో నాకు అస్సలు అర్థం కాలేదు.

కొన్నాళ్ళకు ఉత్తరం వచ్చింది. అక్కడ సబ్బు కంపెనీ ఖర్చుతో రేడియోలో రోజూ వచ్చే నాటకంలో పని దొరికిందట. దినం పావుగంట ఏడవాలి. ఎదురుగా జనం ఉండరు, యంత్రం ఒక్కటే. సెలవులకు పోయినప్పుడు ఇదంతా అమ్మకు చెప్పాను.

"దగ్గరికి ఎవురూ పోరా?" అంది అమ్మ.

"నాటకమమ్మా అది."

"అయితే మాత్రం? రోజూ ఒక్కతే ఎట్ల ఏడుస్తాదే?"

నేను పంతులమ్మనయ్యాను. రాచర్లలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. అదంతా ఆ వరండాలో కారిన కన్నీళ్ళ చలవే. అవి నిజమా నటనా అని అడుగుతూ మూడుసార్లు ఉత్తరం రాసి చింపేశాను. నటనే అని జవాబొస్తే నాయన ముఖం ఎట్లా చూడను? నిజమే అని వస్తే ఆమెకు ముఖం చాటేసిన ఆ వారం రోజులను ఏం చేసుకోను? బడిలో పిల్లలు దొంగ ఏడుపు ఏడ్చినా పక్కన కూర్చునేదాన్ని. తోటి పంతుళ్ళు నవ్వేవారు.

ఇవాళ కూడా ఏడుపు మొదలైంది. చేతికర్ర పట్టుకుని పక్కింటికి వెళ్ళి టీవీకి దగ్గరగా కూర్చున్నాను. ఆ ఇంటి కోడలు నా తడి కళ్ళు చూసి నవ్వింది.

"అది నటనే అవ్వా."

"తెలుసులే తల్లీ," అన్నాను. నాకు తెలియదు.