చక్కెరకు కొన్న తమ్ముడు

నా చిన్నప్పుడు మా ఇంటి ముందర ఒక మగపిల్లవాడిని చేటలో పడుకోబెట్టి దోసెడు చక్కెరకు అమ్మారు. అమ్మింది మా నాయనమ్మ. అమ్ముడుపోయింది మా తమ్ముడు. ఆ పొద్దున వాడికి వచ్చిన పేరు అంతకుముందు మా వైపు ఎవరూ విని ఎరుగరు. ఇప్పుడు బోధన్ చుట్టుపక్కల ఏ బడికి వెళ్ళి ఆ పేరు పిలిచినా ఎవడో ఒకడు లేచి నిలబడతాడు. మొన్న ఇక్కడ, కంఠేశ్వర్‌లో, మా వీధిలోనే ఒకామె "ఓ శక్కరయ్యా, అన్నం సల్లగైతుంది రా!" అని కొడుకును కేకేసింది. ఒళ్ళో నిద్రపోతున్న నా బాబు ఉలిక్కిపడేంత గట్టిగా నవ్వాను. ఆ పేరు ఎక్కడిదని అడిగితే ఆమె చెప్పలేకపోయింది. నేను చెప్పగలను. అది పుట్టినప్పుడు నేను అక్కడే నిలబడి ఉన్నాను.

మాది రెంజల్ వెళ్ళే దారిలో ఒక ఊరు. వరి, పసుపు, కాలువ నీళ్ళు అందినంత మేర చెరుకు. తమ్ముడికంటే ముందు మా అమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టి, బోర్లా పడే వయసు రాకుండానే పోయారు. మూడోసారి మగపిల్లవాడే పుట్టాడని తెలిసినప్పుడు మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. అమ్మ వాడి ముఖం తేరిపార చూసేది కాదు. చూస్తే తన దిష్టే తగులుతుందని భయం. నా బాబు పుట్టాక గానీ ఆ భయం ఏమిటో నాకు తెలియలేదు. వాడు తుమ్మితే నేను మూడుసార్లు లేస్తున్నాను.

పిల్లలు దక్కని ఇంట్లో చేసే పని ఒకటి మా వైపు ఉంది. పసివాడిని చేటలో వేసి గడప బయట పెడతారు. కన్న పిల్లలందరూ బతికి బట్టకట్టిన తల్లి ఎవరైనా వచ్చి, గుప్పెడు తవుడో నూకలో ఇచ్చి వాడిని కొనుక్కుంటుంది. ఆ తర్వాత వాడు ఆమె బిడ్డ. పెంచమని కన్నవాళ్ళకే తిరిగి అప్పగిస్తుంది. పేరు కూడా పెంటయ్య అనో మరొకటో, చెవికి ఇంపుగా లేనిదే పెడతారు. ఇంత చవకబారు పిల్లవాడు నాకెందుకని చావు దాటిపోవాలి. లెక్క అదీ.

అయితే కొనడానికి తగిన తల్లి మా వాడకట్టులో దొరకలేదు. ఏ ఇంట్లో చూసినా ఒకరో ఇద్దరో పోయిన పిల్లలున్నారు. చివరికి మిగిలింది కాలువ గట్టు మీద ఉండే, పిల్లలమంతా అత్తయ్య అని పిలిచే ఆమె. వాళ్ళు కోస్తా నుంచి వచ్చి పొలం కొనుక్కుని స్థిరపడిన రైతులు. ఆమెకు అయిదుగురు పిల్లలు, అయిదుగురూ రాళ్ళలా ఉన్నారు. మా నాయనమ్మకు ఆ ఇంటితో మాటల్లేవు. వాళ్ళ మాట వేరు, కూర వేరు, చీర కట్టు వేరు అని దూరంగా ఉండేది. మనవడి కోసం ఆ రోజు కొంగు తల మీదికి లాక్కుని తనే గట్టెక్కి వెళ్ళి అడిగి వచ్చింది.

అత్తయ్య పొద్దున్నే తలస్నానం చేసి వచ్చింది. వాడకట్టంతా చుట్టూ మూగింది. నేను జనం కాళ్ళ మధ్య దూరి ముందుకు వచ్చాను. ఆమె కొంగుముడి విప్పి చేట పక్కన పోసినది తెల్లగా మెరిసింది. తవుడు కాదు. చక్కెర. ఫ్యాక్టరీ బోధన్‌లోనే ఉన్నా మా ఇళ్ళలో చక్కెర పండక్కో, చుట్టం వచ్చినప్పుడో తప్ప డబ్బాలోంచి బయటికి వచ్చేది కాదు.

నాయనమ్మ ముఖం మాడిపోయింది. "గిదేంది బిడ్డా! తవుడు తెమ్మంటే శక్కర తెస్తివి?"

"తవుడు పెట్టి కొనడానికి వీడేమన్నా గేదె దూడా పెద్దమ్మా?" అంది అత్తయ్య, అప్పటికే వాడిని భుజాన వేసుకుని.

"తీపి ఉన్న కాడికి చీమలు రావా? సావు గూడ గట్లనే వస్తది. నా ఇంటి మీదికి పిలుస్తున్నవు నువ్వు."

"చీమలు వస్తాయని పంచదార పారబోసుకుంటామా? మూత పెట్టుకుంటాం. ఇదిగో, కొన్నాను. వీడిప్పుడు నా సొత్తు. పెంచడానికి మీకిస్తున్నాను, నేను చెప్పినట్టు పెంచాలి."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. మరి పేరేమిటని అడిగారు. అత్తయ్య పంచదారయ్య అంది. మా పక్కింటి అక్క వెంటనే అందుకుంది. "గంత పొడుగు పేరు పిలిశేసరికి పొద్దు గూకుతది. శక్కరయ్య అందాం." అందరూ నవ్వారు. పేరు నిలిచిపోయింది. నాయనమ్మ మాత్రం ఆ పేరు నోట రానివ్వలేదు. ఎవరూ వినకుండా పెంటిగా అని పిలుచుకునేది.

అత్తయ్య పన్నిన ఉపాయం మర్నాటి నుంచి తెలిసివచ్చింది. కాలువ గట్టు దిగి రోజూ వచ్చేది. గడపలోనే నిలబడి "నా సొత్తు ఎలా ఉందీ పూట?" అని అడిగేది. నీళ్ళు మరగబెట్టారా అని కుండ మూత తీసి చూసేది. పచ్చి కాలువ నీళ్ళు వాడి నాలుకకు తగలకూడదనేది. చేతులు కడుక్కోకుండా ఎత్తుకోబోయిన వాళ్ళను చీపురు ఎత్తి బెదిరించేది. పొరుగామె ఎవరైనా అలా పెత్తనం చేస్తే నాయనమ్మ ఊరుకునే మనిషి కాదు. కానీ కొన్నది ఆమె. తను నమ్మిన ఆచారమే తన నోరు కట్టేసింది. మా అమ్మ మెల్లగా వాడి ముఖం చూడసాగింది. పరాయి సొత్తుకు తన దిష్టి తగలదనుకుందో ఏమో.

చెరుకు కోతల రోజులు వచ్చాయి. మా బాపు చెరుకు బండి కట్టుకుని ముందు రోజే ఫ్యాక్టరీకి వెళ్ళాడు. మర్నాడు పొద్దుటికి తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. కళ్ళు లోపలికి పోయాయి. ఏడవడానికి కూడా ఓపిక లేదు. ముందు ఇద్దరూ అచ్చంగా అలాగే పోయారు. నాయనమ్మ గోడకు చేరగిలబడి, "నేను జెప్పలేదా" అని ఒక్క మాట అని కళ్ళు మూసుకుంది.

అత్తయ్య వచ్చి చూసి ఒక్క క్షణం నిలబడలేదు. తన భర్త, మామయ్య చేత బండి కట్టించింది. "నా సొత్తు నేను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. వచ్చేవాళ్ళు ఎక్కండి!" అమ్మ వాడిని ఎత్తుకుని ఎక్కింది. నేనూ ఎక్కాను. బండి కదలబోతుంటే నాయనమ్మ కూడా లేచి వచ్చి వెనక పట్టుకుని ఎక్కింది.

ఎడ్లు పరుగెత్తాయి. నాకు భయమూ ఉంది, దాని మీద ఎక్కడలేని ఉత్సాహమూ ఉంది. అంత జోరుగా వెళ్ళే బండి నేను ఎప్పుడూ ఎక్కలేదు. బోధన్ పొలిమేరలో చెరుకుపాకం వాసన ముక్కుకు తగిలింది. ఫ్యాక్టరీ సైరన్ మోగింది. అక్కడే మా బండి ఆగిపోయింది. దారి పొడుగునా చెరుకు బండ్లే. ఒకదాని వెనక ఒకటి, మధ్యలో మనిషి కూడా దూరలేడు. మామయ్య అరుస్తున్నాడు. వాళ్ళు తిరిగి అరుస్తున్నారు. "మేము నిన్నటి సంది నిలబడ్డం, నువ్వు నిన్ననే రాకపోతివి!" అని ఒకడు ఎగతాళి చేశాడు.

అప్పుడు మా నాయనమ్మ బండిలో లేచి నిలబడింది. కొంగు జారిపోయినా చూసుకోలేదు. ఆ గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.

"జరుగుండ్రి బిడ్డా! నా మనుమడున్నడు బండ్ల! శక్కరయ్య! శక్కర వోసి కొన్న పోరడు! పానం మీదికొచ్చింది, జరుగుండ్రి!"

అత్తయ్య చప్పున తల ఎత్తి ఆమెను చూసింది. అమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది.

ఎగతాళి చేసినవాడే మొదట తన ఎడ్లను పక్కకు మళ్ళించాడు. "శక్కరయ్య వస్తుండట, జరుగుండ్రి!" అని ముందువాడికి చెప్పాడు. ఆ ముందువాడు తన ముందువాడికి. ఆ పేరు మా బండికంటే వేగంగా వెళ్ళిపోయింది. బండ్లు ఒక్కొక్కటే గట్టు వైపు ఒరిగాయి. చక్రాలు చెరుకు ఆకుల్లోకి దిగాయి, మధ్యలో దారి తెరుచుకుంది. ఎక్కడో ముందు వరుసలో ఉన్న మా బాపు చెవిన ఆ పేరు పడింది. లోకంలో ఆ పేరు ఒక్కడికే ఉంది కదా! బండి వదిలేసి ఎదురు పరుగెత్తుకుంటూ వచ్చాడు. మాతో ఎక్కకుండా ఎడ్ల ముందు పరుగెడుతూ ఆసుపత్రి దాకా దారి చేశాడు.

సమయానికి వచ్చారని డాక్టరు అన్నాడు. సాయంత్రానికి వాడు ఏడ్చాడు. ఆ ఏడుపు విని మేమంతా నవ్వాం.

చెరుకు బండ్లు ఎవరి ఊరికి వాళ్ళవి తిరిగి వెళ్ళాయి కదా, రెంజల్‌కూ, చందూర్‌కూ, సరిహద్దు అవతలికీ ఆ పేరు కూడా వాటితో వెళ్ళింది. దారిన పోయే బండివాళ్ళు మా ఇంటి ముందు ఆగి "శక్కరయ్య ఎట్లున్నడు?" అని అడిగి, వాడి బుగ్గ గిల్లి వెళ్ళేవాళ్ళు. తర్వాత తల్లులు రావడం మొదలైంది. చంకన పిల్లవాడు, చేతిలో చేట. మా పిల్లగాన్ని గూడ కొను బిడ్డా అని అత్తయ్యను బతిమాలేవాళ్ళు. కొనేవాళ్ళే చక్కెర ఇవ్వాలి కాబట్టి ఆమె డబ్బా ఎప్పుడూ ఖాళీ. "మా ఇంట్లో పంచదారంతా కాళ్ళొచ్చి ఊళ్ళ మీద తిరుగుతోందమ్మా, టీలోకి చిటికెడు లేదు!" అని నవ్వేది. బిడ్డను అమ్మిన ప్రతి తల్లికీ అదే షరతు. నీళ్ళు మరగబెట్టాలి. మూత పెట్టాలి. ఆమె కొన్న పిల్లలందరూ బతికారని చెప్పను. చాలామంది బతికారు. వాళ్ళలో కొందరు ఇప్పుడు పిల్లల తండ్రులు కాబోతున్నారు.

మా నాయనమ్మ పోయేదాకా మనవడిని ఆ పేరుతోనే పిలిచింది, ఊరంతా వినబడేలా.

మా బాబుకు మా అత్తగారు ఏదో కొత్తరకం పేరు అనుకున్నారు. నాకు అభ్యంతరం లేదు. పేరు ఏదైనా పెట్టనీ. పోయిన వారం మా తమ్ముడు బోధన్ బస్సు దిగి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే తువ్వాలు ముడి విప్పి నా ముందు చక్కెర పోశాడు. "నీ కొడుకును కొంటున్న, అక్కా. నీళ్ళు కాగబెట్టినవా?" అని పెద్దమనిషిలా అడిగాడు. వాడి మీసాలు చూసి నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

నాకు భయం పోలేదు. పోతుందనీ అనుకోను. కానీ మా అమ్మలా ముఖం తిప్పుకోవడం మాత్రం లేదు. రోజూ పొద్దున్నే పొయ్యి మీద నీళ్ళు పెట్టి, బాబును ఎత్తుకుని వాడి కళ్ళలోకి తేరిపార చూసి, ఆ గట్టు మీది గొంతుతో అడుగుతాను. నా సొత్తు ఎలా ఉందీ పూట?