ఖాళీ జీపు, పదహారు పళ్ళ ఇరుసు

వాదనలో గెలిచి, ఆ తరువాత కాఫీ ఒక్కరే తాగిన అనుభవం మీకు ఉందా? ఉంటే నా కథ మీకు సగం తెలిసినట్టే. ఆ రోజుల్లో (మరీ పాతకాలం అనుకోకండి, నాలుగేళ్ళయి ఉంటుంది, నా చేతిలో ఉన్నది ఇదే ఫోను) కాలేజీ వక్తృత్వ పోటీల్లో గెలిచిన ఏడు కప్పులు వెంటబెట్టుకుని ఉద్యోగానికని విజయవాడ వచ్చి, పటమటలో ఒక గదిలో దిగాను. ప్రశ్నించనిదే ఏదీ ఒప్పుకోకూడదన్నది నా నియమం. ఆఫీసు క్యాంటీనులో ఎవరైనా "ఇవాళ టీలో పంచదార తక్కువైంది" అంటే, "తక్కువ అంటే దేనితో పోల్చి?" అని అడిగేవాణ్ణి. ప్రశ్న సమంజసమైనదే. కాని అడిగించుకున్నవాడు మర్నాడు వేరే బల్ల దగ్గర కూర్చునేవాడు. ఎనిమిది నెలలు తిరిగేసరికి నా బల్లకు అధ్యక్షుణ్ణీ, వక్తనూ, సభికుణ్ణీ నేనొక్కణ్ణే అయ్యాను.

అందుకే జీపు కొన్నాను. కొండలూ గుట్టలూ ఎక్కే పాత జీపు, ఎన్ని చేతులు మారిందో అమ్మినవాడికే తెలియదు. నా మాట వినడానికి రానివాళ్ళు నా బండి ఎక్కడానికైనా వస్తారన్నది నా తర్కం. తర్కం ఫలించింది కూడా. వచ్చే ఆదివారం కొండపల్లి ఖిల్లాకు వెళ్దామా అని అడిగితే, మా సెక్షనులోని నలుగురూ "సరే" అన్నారు. ఆ ఒక్క మాట కోసం నేను ఎనిమిది నెలలు ఎదురుచూశానని వాళ్ళకు తెలియదు. ఆ రోజు గదికి వెళ్ళి, పులిహోర ఎవరు బాగా చేస్తారో ఇంటి ఓనరమ్మగారిని అడిగి కనుక్కున్నాను.

బుధవారం పొద్దున రామవరప్పాడు రింగు దగ్గర వెనకాల 'టక్' మని శబ్దం వచ్చింది. ఇంజను తిరుగుతోంది, బండి మాత్రం కదలదు. ఆటోనగర్‌కు లాగించుకువెళితే మేస్త్రి గారు చక్రం వెనక నుంచి ఇరుసు షాఫ్టును రెండు ముక్కలుగా బయటికి తీసి, "ఈ ముక్క పట్టుకెళ్ళి దీనిలాంటిదే తీసుకురండి సార్" అన్నారు. ముక్కలెందుకు? జీపు ఏ మోడలో ఆర్.సి.లో ఉంది, ఆ మోడలుకు ఏ షాఫ్టో కంపెనీ పుస్తకంలో ఉంది. ఆ పేజీలు ప్రింటు తీయించి, ముఖ్యమైన వాక్యాల కింద ఎర్ర గీతలు కూడా గీసుకుని, గురువారం స్పేర్‌పార్టుల షాపుకు వెళ్ళాను.

"ముక్కేదండీ?" అన్నాడు కౌంటరు మీద ఆయన, కాగితాల వంక చూడకుండానే.

"ముక్కతో పని లేదండీ. పుస్తకంలో నంబరు స్పష్టంగా ఉంది."

"పుస్తకాన్ని బండికి బిగించలేం గదండీ!"

పక్కనున్న ముగ్గురూ నవ్వారు. నేను నవ్వలేదు. పాత బళ్ళకు లోపల ఏం మార్చారో కాగితం చెప్పదనీ, అందుకే ఆటోనగర్‌లో విరిగిన ముక్క చేతిలో లేనిదే ఎవరూ షాపు మెట్టెక్కరనీ ఆయన నచ్చజెప్పబోయాడు. నేను రెండు ఆధారాలతో ఖండించాను. ఆయన ఓడిపోయి, నేనడిగిన నంబరుదే ఇచ్చాడు. సాయంత్రం మేస్త్రి గారు దాని చివరి పళ్ళు వేలితో లెక్కపెట్టి, విరిగిన ముక్కను పక్కన పెట్టి, "ఇది పది, అది పదహారు. ఎట్టా దూరుద్దనుకున్నారు సార్?" అన్నారు. 

శుక్రవారం రెండు ముక్కలూ గోనెసంచిలో చుట్టుకుని, ఆఫీసు అవగానే మళ్ళీ బయలుదేరుదామని వెంట తీసుకెళ్ళాను. ఆ దారిలో ఒక వింత జరిగింది. ఎనిమిది నెలలుగా నన్ను పలకరించని ఊరు పలకరించడం మొదలుపెట్టింది. షేరాటోలో మంగళగిరి చీరల మూటతో కూర్చున్న పెద్దావిడ "ఏంటి నాయనా అది, గునపమా?" అంది. "ఇరుసండీ" అంటే, "అయ్యో, విరిగిందా!" అని మనిషికి దెబ్బ తగిలినట్టే బాధపడింది. ఆవిడతో నేను వాదించలేదు. అదే నిగ్రహం ఆఫీసులో ఉండి ఉంటే బాగుండేది. సంచి చూసి, నలుగురిలో ఒకడు "జీపు అవ్వకపోతే పోన్లే గురూ, నా కారులో పోదాం" అన్నాడు. ఎంత మంచి మాట! నేనేమన్నాను? ఆహ్వానించినవాడే వాహనం సమకూర్చాలనీ, వాహనం మారితే ఆహ్వానమే మారిపోతుందనీ, కాబట్టి అతని ప్రతిపాదన చెల్లదనీ మూడు అంశాలుగా నిరూపించాను. అతను చేతులెత్తి, "నువ్వే గెలిచావులే" అన్నాడు.

ఆ సాయంత్రం ముక్కలు అయిదు షాపులు తిరిగి, చివరికి ఇనుము చెక్కే ఒక లేతు మిషను షెడ్డుకు చేరాయి. అక్కడి పెద్దాయనను అందరూ కొలతల బాబాయ్ అంటారు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కను గుడ్డతో తుడిచి, చివరన గుర్తుగా కొట్టి ఉన్న రెండు చుక్కలను గోటితో తడిమాడు. "ఇది నా పనే బాబూ. ఈ చుక్కలు నావే."

జీపు దివిసీమలో ఒక పాస్టరు గారిదట. ఆదివారం పూట కాలవగట్ల వెంబడి ఊరూరా ప్రార్థనకు తిరిగేవారట. "వద్దన్నా వినేవారు కాదు. పధ్నాలుగు మందిని ఎక్కించేవారు, హార్మోనియం పెట్టె అదనం. ఇరుసులు ఊరికే విరిగిపోతుంటే, పెద్ద వ్యాను ఇరుసూ, దాని పదహారు పళ్ళ గేరూ తెచ్చి, దీనికి సరిపడా కోసి నేనే బిగించా. ఈ బండి ఎప్పుడూ ఖాళీగా తిరగలేదు." అని, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. ఎవరూ లేరు.

శనివారం చీకటి పడేలోపు ఆయన వ్యాను షాఫ్టు కోసి, పళ్ళు చెక్కి, తన రెండు చుక్కలూ కొట్టి ఇచ్చాడు; ఆ రాత్రే మేస్త్రి గారు బిగించారు. ఆదివారం పొద్దున అయిదు పొట్లాల పులిహోర సీటు మీద పెట్టుకుని తయారయ్యాను. ఫోను నాలుగుసార్లు మోగింది. తలనొప్పి ఒకడికి, చుట్టాలు ఇంకొకడికి. మిగతా ఇద్దరివీ నాకిప్పుడు గుర్తులేవు. ఏం చేయాలో తోచక ఆటోనగర్ వైపు పోనిచ్చాను. టీ కొట్టు దగ్గర కొలతల బాబాయ్ నా ముఖం చూసి, టీ గ్లాసు కింద పెట్టి ఎక్కి కూర్చున్నాడు. నేను నోరు తెరవబోతే, "మాట్లాడకండి బాబూ, ఇరుసు ఏమంటదో విందాం" అన్నాడు. కొండపల్లి దాకా నేను ఒక్క మాట మాట్లాడలేదు. నా జీవితంలో అదే మొదటిసారి.

"బాగానే ఉంది" అన్నాడు ఘాటు రోడ్డు ఎక్కాక. "ఖాళీ బండి గదా, అందుకే ఆ గడగడ. జనం ఎక్కితే తగ్గుద్ది."

ఖిల్లా దగ్గర, శుక్రవారం నేను చెల్లదన్న ఆ కారు ఆగి ఉంది. పక్కన నలుగురూ సెల్ఫీ తీసుకుంటున్నారు. తలనొప్పి ఉన్నవాడే అందరికంటే గట్టిగా నవ్వుతున్నాడు. వాళ్ళను నిలదీయడానికి నా నాలుక మీద మూడు అంశాలు సిద్ధంగా ఉన్నాయి. "మీవాళ్ళేనా?" అన్నాడు బాబాయ్. అవునన్నాను. "మరి పిలవండి." ఏడు కప్పులు గెలిచినవాడికి "రండి, పులిహోర ఉంది" అన్న రెండు ముక్కలు నోట్లోంచి రాలేదు. మేమిద్దరం జీపులోనే కూర్చుని రెండు పొట్లాలు విప్పుకున్నాం. మూడు మిగిలాయి. బాబాయ్ ఆ మూడింటినీ లెక్కపెట్టకుండా సీటు కిందికి జరిపాడు. ఆయనకు ఏం కొలవాలో, ఏం కొలవకూడదో తెలుసు.

గోనెసంచి మోసుకుంటూ తిరిగిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వూ వస్తుంది, నవ్వు వెనకాలే కొంచెం జాలీ వస్తుంది. జీపు ఇంకా నా దగ్గరే ఉంది. పిలవడం మాత్రం ఆలస్యంగానైనా నేర్చుకున్నాను. కనుక పాఠకులకు నా విన్నపం ఒక్కటే. మీ ఆఫీసులోనూ ఎక్కడో ఒక బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని వాదించుకునేవాడు ఒకడుంటాడు. అతను ఎప్పుడైనా తడబడుతూ "ఆదివారం వస్తారా?" అని అడిగితే, లెక్కలు చూసుకోకుండా ఎక్కండి. వెనక చోటుంటుంది. ఇరుసు గట్టిదే.