సెలవు దొరకని సూర్రాజు

దయ్యాలనీ మాయలనీ నేనెప్పుడూ నమ్మలేదు. నా ఉద్యోగం అలాంటిది. సెలవు కోసం ఒకే నాయనమ్మను రెండుసార్లు కాటికి పంపినవాళ్లను చూశాను. ఎవరేం చెప్పినా ఆరా తియ్యనిదే నమ్మేవాణ్ణి కాదు.

యాభైల్లో మాట. మా షావుకారుగారికి ఏలూరులో, తాడేపల్లిగూడెంలో, ద్వారకా తిరుమలలో బట్టల కొట్లుండేవి. మూడింట్లోనూ గుమాస్తాలను పెట్టుకోవడం, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడం, వాళ్ల తగువులు తీర్చడం, సెలవుల కోసం షావుకారుగారిని ఒప్పించడం నా పని. సరుకు చూసే గుమాస్తా వేరే ఉన్నాడు గనక నన్ను అందరూ "మనుషుల గుమాస్తా" అని ఏడిపించేవారు. నాకు ఆ పేరు భలే ఇష్టం.

గూడెం కొట్లో సూర్రాజని ఒక గుమాస్తా ఉండేవాడు. బుర్రమీసాల మనిషి. చీర మడత విప్పి, పమిట తన భుజం మీదే వేసుకుని, మెల్లగా అటు తిరిగీ ఇటు తిరిగీ చూపించేవాడు. ఆడవాళ్లు పడీపడీ నవ్వి, ఆ చీరే కొనేవారు.

ఆ శ్రావణంలో అతని భార్య పురిటికని కొల్లేటి లంకలో పుట్టింట్లో ఉంది. ముందు రెండు కాన్పులూ దక్కలేదు. నొప్పులు మొదలయ్యాయని కబురు రాగానే సూర్రాజు ఏలూరు పరుగెత్తుకొచ్చి నా దగ్గర నిలబడ్డాడు. సరిగ్గా మర్నాడే గూడెం కొట్టుకి పెంటపాడు పెళ్లివారు వస్తున్నారు. సూర్రాజు చూపిస్తే తప్ప కొనని మనుషులు. నేనెంత బతిమాలినా షావుకారుగారు మెత్తబడలేదు.

"రేపు కొట్లో లేకపోతే ఇంకెప్పుడూ రానక్కర్లేదని చెప్పండి," అన్నారు.

సూర్రాజు దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఎటు వెళ్తున్నావని నేను అడగలేదు.

మర్నాడు పెళ్లివారికి ఏదో ఒకటి సర్దిచెబుదామని రైలెక్కి గూడెం వెళ్లాను. కొట్టు బయటికే నవ్వులు వినిపిస్తున్నాయి. లోపల పరుపు మీద సూర్రాజు! భుజాన పసుపుపచ్చ పమిట, చుట్టూ పెళ్లివారు. నాకు ప్రాణం లేచొచ్చింది. పాపం, ఉద్యోగం కోసం ఆగిపోయాడనుకున్నాను. భోజనాల వేళ పక్కకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆడపిల్లండి! ఇద్దరూ క్షేమమేనండి!"

ఎవరో కబురు తెచ్చి ఉంటారనుకుని, ఆనందంగా తిరిగొచ్చాను.

ఆ మరుసటి ఉదయం ఏలూరులో మా గుమ్మం ముందు సూర్రాజు. మోకాళ్ల దాకా బురద, చేతిలో బెల్లం పొట్లం.

"నిన్న కొట్టుకి పోలేదండి. లంకలోనే ఉండిపోయానండి. నన్ను తీసేసినా మరేం పర్లేదండి బాబూ, ఆడపిల్లండి!"

పనికి రాలేదని మొండికేసిన మనిషిని నేను చూడ్డం అదే మొదలు, అదే ఆఖరు. కొట్లో వాళ్లంతా వచ్చాడంటారు, ఇతనేమో రాలేదంటాడు. షావుకారుగారి దగ్గరికి తీసుకెళ్తే, ఆయన మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, ముందు బెల్లం నోట్లో వేసుకుని, వెళ్లి పని చూసుకోమన్నారు.

బారసాలకు దోనెలో లంకకు వెళ్లాను. వెళ్లినవాణ్ణి ఆరా తియ్యకుండా ఉంటానా? మంత్రసానిదీ, దోనె నడిపినాయనదీ ఒకటే మాట. పెళ్లివారొచ్చిన రోజంతా సూర్రాజు అత్తవారింటి అరుగు మీదే కూర్చున్నాడట, కదల్లేదట.

"పాప ఏ వేళప్పుడు పుట్టిందమ్మా?" అని అతని అత్తగారిని అడిగాను.

"ఆ రోజే, దీపాలు పెట్టే వేళండి."

అన్నం ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. నాకా కబురు మధ్యాహ్నమే తెలిసింది.

ఏలూరు రాగానే షావుకారుగారికి అంతా చెప్పాను.

"ఇకమీదట పురుడంటే సెలవిచ్చెయ్యండి," అన్నారాయన. "ఒక సూర్రాజుకి జీతమిచ్చి ఇద్దరిచేత పని చేయించుకుంటే ఏం బాగుంటుందండీ?"

మూడు కొట్లలోనూ ఆ సెలవు అలా వచ్చింది. ఆ మధ్యాహ్నం గూడెంలో పెళ్లివారిని నవ్వించిందెవరో నాకిప్పటికీ తెలియదు. నన్ను పట్టుకున్న చెయ్యి వెచ్చగానే ఉంది. ఆ ముఖంలో సంతోషం మాత్రం కన్నతండ్రిదే.