నీళ్లు పడిన బోరు, దుమ్ము లేపిన వీడియో

ఫైల్ సైజు తగ్గిస్తే లోకంలో కష్టాలన్నీ తీరిపోతాయని నమ్మిన రోజులవి. మదనపల్లెలో ఒక పెళ్లి వీడియోల స్టూడియోలో కొత్తగా చేరాను. ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా మార్చడాన్ని అక్కడ ‘ఎక్స్‌పోర్ట్’ అంటారు. నేను మాటకు ముందొకసారి, వెనకొకసారి ‘ఎక్స్‌పోర్ట్’ అంటుంటే చుట్టాలు నాకు ‘ఎక్స్‌పోర్టప్ప’ అని పేరు పెట్టేశారు (నేనది బిరుదనుకున్నాను).

అప్పుడే పుంగనూరు దగ్గర మా చిన్నాయన, ఉన్న బోర్లు ఎండిపోయి, కొత్త బోరు వేయించాడు. పొద్దుటినుంచీ గుంతలోంచి దుమ్మే లేచింది. సాయంత్రానికి ఒక్కసారిగా నీళ్లు ఎగజిమ్మాయి. చిన్నాయన తడుస్తూ అలాగే నిలబడిపోయాడు. చిన్నమ్మ “దేవుడా, దేవుడా” అని సంతోషం పట్టలేక ఏడ్చేసింది. అంతా కెమెరాలో తీశాను.

“కుప్పంలో మా అన్నకు పంపప్పా, సూసి సంబరపడతాడు” అంది చిన్నమ్మ.

కొత్త రకం కోడెక్‌లో (వీడియోను కుదించే పద్ధతిని అలా అంటారు) ఎక్స్‌పోర్ట్ చేసి పంపాను. కుప్పం మామ పాత ఫోన్‌కు ఆ కోడెక్ తెలియదు. బొమ్మ రాలేదు, ఏడుపు మాత్రం వినిపించింది. వెంటనే ఫోన్ చేశాడు.

“ఏమప్పా, మా చెల్లెలు ఏడుస్తాండాది, యాల?”

“ఉండు మామా, ఇంకోటి పంపుతా. సూస్తే నీకే తెలుస్తాది” అన్నాను, ఊరించాలని.

ఈసారి పాత కోడెక్ పెట్టి, త్వరగా వెళ్లాలని బిట్‌రేట్ (ఒక్కో సెకను వీడియోకు వాడే డేటా) అట్టడుగుకు దించేశాను. కదలని గట్లూ చెట్లూ ఎంత కుదించినా బాగానే ఉంటాయి. ఎగిరే నీళ్లలో ప్రతి చుక్కా క్షణానికోలా మారుతుంది. ఆ చాలీచాలని బిట్‌రేట్‌లో అవన్నీ బూడిదరంగు గళ్లుగా ముద్దకట్టాయి. పంపేముందు నేను చూస్తేగా!

మరునాడు పొద్దున్నే మొదటి బస్సుకు మామ దిగాడు, వెంట కొబ్బరికాయతో నీళ్ల జాడ చెప్పే ముసలాయన. ఇలాంటి చెడ్డ మాట ఫోన్‌లో అడగకూడదని మామ నేరుగా వచ్చేశాడట.

“దుమ్ము లేస్తే లేసిందిలేమ్మా, దిగులుపడొద్దు. ఇంకో సోట ఏపిద్దాం” అన్నాడు చెల్లెలి చేతులు పట్టుకుని.

“యాడ దుమ్ము, అన్నా? దా” అని ఆమె చేలోకి తీసుకెళ్లింది. ఈలోగా ముసలాయన అరచేతిలో కొబ్బరికాయతో ముందే నడిచి, బోరు పక్క బురదలో మోకాళ్లదాకా దిగబడి, గంభీరంగా ప్రకటించాడు:

“ఈడ నీళ్లుండాయప్పా!”

నవ్వులు ఆగాక మామ నావైపు తిరిగాడు. “నీళ్లు తీస్తే నాకు దుమ్మెట్లొచ్చిందప్పా?”

“కంప్రెషన్ మామా...”

“పెండ్లికూతుర్లను గూడా ఇట్లే సేస్తాండావా?”

కెమెరాలో అసలు వీడియో చూపించాను. చెల్లెలి ఏడుపు దగ్గరికి రాగానే కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదటినుంచీ పెట్టమన్నాడు.

ఇప్పుడు ఏ వీడియో అయినా చివరిదాకా చూశాకే పంపుతాను. అయినా ఆ ఎక్స్‌పోర్టప్ప గుర్తొస్తే కోపం రాదు, నవ్వొస్తుంది. వాడు నీళ్లను నీళ్లలాగే పంపి ఉంటే, కుప్పం మామ ఫోన్‌లో ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకునేవాడు.